హాల్ (ఆంగ్ల పదం)

హాల్ అనునది ఆంగ్ల భాషలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక పదం. క్రియగా దీనికి బరువైన వస్తువును బలం ఉపయోగించి లాగుట, ఈడ్చుట, ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేయుట అని అర్థాలు. నామవాచకంగా లాగే పనికి, లాగిన దూరానికి, లాగగా చేజిక్కిన రాబడికి కూడా ఇదే పదాన్ని వాడుతారు. నౌకాయానం, చేపల వేట, బొగ్గు గనులు, రైల్వేలు, మట్టిపని, విమానయానం, సమాచార సాంకేతికం, క్రీడలు మొదలైన రంగాలలో ఈ పదం పారిభాషిక పదంగా స్థిరపడింది. ఓవర్‌హాలింగ్, హాలేజి వంటి దీని రూపాలు తెలుగువారి వాడుకలోకి కూడా వచ్చాయి.

ఈ అర్థాలన్నీ పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్లు కనిపించినా వాటి మూలం ఒక్కటే. లాగుట అనే పనిలో మూడు అంశాలు ఉంటాయి: లాగే శ్రమ, లాగబడే బరువు, లాగిన దూరం. ఒక్కొక్క రంగం ఈ మూడింటిలో ఒకదానిని ప్రధానంగా గ్రహించి, మిగిలినవాటిని వెనుకకు నెట్టింది. ఈ సూత్రం తెలిస్తే పదం యొక్క భిన్నార్థాలను కంఠస్థం చేయవలసిన అవసరం లేకుండానే గుర్తించవచ్చు.

ఉచ్చారణ

ఈ పదాన్ని హెచ్, ఏ, యు, ఎల్ అనే నాలుగు అక్షరాలతో వ్రాస్తారు. పెద్ద గది, సభాభవనం అనే అర్థం గల మరొక ఆంగ్ల పదం హెచ్, ఏ, ఎల్, ఎల్ అనే అక్షరాలతో ఉంటుంది. ఈ రెండింటి ఉచ్చారణ ఒక్కటే. తెలుగు లిపిలో కూడా రెండూ ‘హాల్’ అనే వ్రాయబడతాయి. ఇంటిలోని హాలు, సినిమా హాలు అనే వాడుక తెలుగులో బాగా స్థిరపడినందున, ఈ వ్యాసంలోని పదాన్ని సందర్భాన్ని బట్టి మాత్రమే వేరు చేసి గుర్తించవలసి ఉంటుంది.

పదోత్పత్తి

ఆంగ్లంలో ‘హాల్’ అనే రూపం 16వ శతాబ్దంలో కనిపిస్తుంది. అంతకు ముందు ఇదే పదం ‘హేల్’ అనే రూపంలో ఉండేది. లాగుట అనే అర్థం గల ప్రాచీన ఫ్రెంచి పదం నుండి అది ఆంగ్లంలోకి వచ్చింది. ఆ ఫ్రెంచి పదం జర్మానిక్ భాషా కుటుంబం నుండి తీసుకున్నది. డచ్చి భాషలోని ‘హాలెన్’, జర్మన్ భాషలోని ‘హోలెన్’ అనే క్రియలు దీనికి సోదర పదాలు. వాటికి తీసుకొని వచ్చుట అని అర్థం.

భాషా శాస్త్రజ్ఞులు ఈ పదాన్ని ఇంకా వెనుకకు తీసుకువెళ్ళి, కేకవేయుట, పిలుచుట అనే అర్థం గల మూల ధాతువుతో ముడిపెడతారు. పిలుచుట నుండి పిలిపించుట, దాని నుండి రప్పించుట, ఆపైన లాగుకొని వచ్చుట అనే క్రమంలో అర్థం మారినదని భావిస్తారు. కోలాహలం అనే అర్థం గల ‘క్లామర్’, తిథుల పట్టిక అనే అర్థం గల ‘క్యాలెండర్’ కూడా ఇదే ధాతువు నుండి వచ్చినవే. ప్రాచీన రోమ్ నగరంలో ప్రతి నెల మొదటి దినాన్ని బిగ్గరగా ప్రకటించేవారు. ఆ ప్రకటన నుండే క్యాలెండర్ అనే పేరు ఏర్పడింది.

బరువు లాగేవారు కలిసి కేక వేయడం అన్ని దేశాలలోను ఉన్న ఆచారమే. పదిమంది బలం ఒకే క్షణంలో తాడు మీద పడాలంటే అందరికీ వినిపించే ఒక సంకేతం కావాలి. తెలుగు దేశపు పడవవారి, జాలరుల ‘హైలెస్సా’ అటువంటి సంకేతమే. యూరోపు తెరచాప ఓడలలో నావికులు తాళ్ళు లాగేటప్పుడు పాడే పాటలు 19వ శతాబ్దంలో ఒక ప్రత్యేక గేయ శాఖగా వృద్ధి చెందాయి. ఒకరు చరణం అందుకోగా మిగిలినవారు పల్లవి పాడుతూ, పల్లవిలో నిర్ణీతమైన చోట ఒక్కుమ్మడిగా తాడు లాగేవారు.

ప్రధానార్థం, తెలుగు సమానార్థకాలు

ఆంగ్లంలో లాగుటను సూచించే క్రియలు పలు ఉన్నాయి. ‘పుల్’ అనేది సామాన్యమైన లాగుట. ‘డ్రాగ్’ అనేది నేలకు రాసుకొనేలా ఈడ్చుట. ‘టో’ అనేది తాడు లేదా గొలుసుతో కట్టి వెంట లాగుకొని పోవుట. ‘టగ్’ అనేది కుదుపుతో లాగుట. ‘హాల్’ అన్నప్పుడు బరువు అధికమనీ, శ్రమ కొంతసేపు ఎడతెగకుండా సాగుతుందనీ స్ఫురిస్తుంది. కాగితాన్ని లేదా దారాన్ని లాగుటకు ఈ పదం వాడరు.

తెలుగులో లాగు, ఈడ్చు అనేవి దీనికి దగ్గరి పదాలు. తెలంగాణ ప్రాంతంలో గుంజు అనే క్రియ ఎక్కువగా వినిపిస్తుంది. చేరవేయుట అనే అర్థంలో మాత్రం ఈ పదానికి సరియైన తెలుగు మాట ‘తోలు’. పశువును తోలుట నుండి బండిని తోలుట, దాని నుండి బండిలో సరుకును తోలుట అనే వాడుకలు వచ్చాయి. రైతులు పొలానికి ఎరువు తోలుతారు, చెరువు మట్టి తోలుతారు, ఇసుక తోలుతారు. ఈ పనికి ‘తోలకం’ అని పేరు. ఆంగ్ల పదం లాగుట నుండి రవాణాకు మారిన మార్గాన్ని తెలుగు పదం పశువును అదిలించుట నుండి ప్రారంభించి చేరుకున్నది.

నౌకాయానంలో

ఈ పదం మొదట స్థిరపడినది నావికుల వాడుకలో. తెరచాప ఓడలో ప్రతి పనీ తాడు లాగుటతోనే జరిగేది. తెరచాపను పైకెత్తే తాడును ‘హాల్యార్డ్’ అంటారు. ఇది ‘హేల్’ అనే పాత రూపం నుండి ఏర్పడిన పదం. గాలికి వీలైనంత ఎదురుగా ప్రయాణించటానికి తెరచాపలను బిగించి లాగి ఉంచిన స్థితిని ‘క్లోజ్-హాల్డ్’ అంటారు. గాలి తన దిశ మార్చుకొనుటను కూడా నావికులు ఇదే క్రియతో చెప్పేవారు.

‘ఓవర్‌హాల్’ అనే పదం కూడా ఓడ మీద పుట్టినదే. కప్పీల గుండా పోయే తాడు బిగుసుకొని ఉన్నప్పుడు దానిని వ్యతిరేక దిశలో లాగి వదులు చేయుట దీని మొదటి అర్థం. తాడును అలా విప్పి చూచినప్పుడే ఎక్కడ అరిగినది, ఎక్కడ తెగబోతున్నది అనేది తెలిసేది. అందువలన విప్పి, పరిశీలించి, బాగుచేయుట అనే అర్థం ఏర్పడింది. ముందు పోతున్న ఓడను అందుకొని దాటిపోవుట అనే అర్థం కూడా ఈ పదానికి కలదు.

‘కీల్‌హాల్’ అనేది ఒక క్రూరమైన శిక్ష పేరు. ఇది డచ్చి భాష నుండి ఆంగ్లంలోకి వచ్చింది. నేరం చేసిన నావికుడిని తాడుతో కట్టి, ఓడ అడుగు భాగం క్రిందుగా ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు నీటిలో ఈడ్చేవారు. ఓడ అడుగున అంటుకొని పెరిగే పెంకు గల జీవుల పదునైన అంచులు శరీరాన్ని చీల్చేవి. డచ్చి నౌకాదళం ఈ శిక్షను 1853లో రద్దు చేసింది. నేటి ఆంగ్లంలో ఈ మాటకు తీవ్రంగా మందలించుట అనే అర్థం మాత్రమే మిగిలింది.

కాలువ గట్ల వెంట పడవల లాగుడు

ఆవిరి యంత్రం రాక ముందు నదులలోను, కాలువలలోను గాలి లేని సమయాన లేదా ప్రవాహానికి ఎదురుగా పోవలసినప్పుడు మనుషులు గాని గుర్రాలు గాని గట్టు మీద నడుస్తూ పడవలను తాళ్ళతో లాగేవారు. ఫ్రాన్సు దేశంలో ఈ గట్టు బాటల పేరులో ఈ పదం యొక్క ఫ్రెంచి రూపం నేటికీ ఉంది.

రష్యాలోని వోల్గా నదిపై పడవలు లాగే కూలీలను ‘బుర్లాకులు’ అనేవారు. చిత్రకారుడు ఇల్యా రేపిన్ 1870 - 1873 మధ్య వారిని చిత్రించాడు. ఛాతీకి అడ్డంగా పట్టీలు వేసుకొని, ముందుకు వంగి నడుస్తున్న 11 మంది మనుషులు ఆ చిత్రంలో ఉంటారు. వెనుక వారు లాగుతున్న పడవ, దూరంగా పొగ వదులుతున్న ఆవిరి పడవ కనిపిస్తాయి. వారి వృత్తి ముగియబోతున్నదనే సూచన ఆ పొగలో ఉన్నది. ఈ చిత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని రష్యన్ మ్యూజియంలో ఉంది.

ఆంధ్ర దేశంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టా కాలువలు సాగునీటితో పాటు జలరవాణాకు కూడా ఉపయోగపడ్డాయి. ధాన్యం, కలప, ప్రయాణికులు పడవల మీద సాగేవారు. గాలి అనుకూలించినప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టు మీద నుండి తాడు పట్టి లాగే మనుషులు ఆ పడవలను నడిపేవారు. రైళ్ళు, రోడ్లు పెరిగిన తరువాత ఈ వృత్తి క్రమంగా అంతరించింది.

చేపల వేటలో

లాగుట అనే అర్థం రాబడి అనే అర్థంగా మారిన తీరు చేపల వేటలో స్పష్టంగా కనిపిస్తుంది. వలను ఒకసారి లాగుటను ‘హాల్’ అంటారు. ఆ ఒక్కసారి వలలో పడిన చేపలను కూడా ‘హాల్’ అనే అంటారు. శ్రమకు, ఫలితానికి ఒకే పేరు.

ఆంధ్ర తీరంలోని అలివి వల దీనికి చక్కని ఉదాహరణ. పడవలో వలను తీసుకొనిపోయి సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడుస్తారు. వల రెండు కొసల తాళ్ళు ఒడ్డున ఉంటాయి. రెండు జట్లుగా నిలబడిన జాలరులు ఆ తాళ్ళను లాగుతూ క్రమంగా దగ్గరకు వస్తారు. చివరకు వల సంచి ఒడ్డుకు చేరుతుంది. ఇంతమంది ఇంతసేపు లాగిన తరువాత వలలో ఏమున్నదనేది అప్పుడే తెలుస్తుంది.

మత్స్య శాస్త్రంలో ఈ రెండర్థాలను విడదీసి లెక్కిస్తారు. ఒక్కొక్క లాగుడుకు లేదా ఒక్కొక్క గంట వేటకు ఎంత చేప పడినదనే నిష్పత్తిని బట్టి సముద్రంలో చేపల సంతతి పెరుగుతున్నదా తగ్గుతున్నదా అని అంచనా వేస్తారు. మొత్తం రాబడి తగ్గకపోయినా, అంతే రాబడికి మునుపటికంటె ఎక్కువసార్లు వల లాగవలసి వస్తున్నదంటే సంతతి క్షీణిస్తున్నదని అనుమానించవలసి ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని రక్షించే ఉద్దేశంతో భారతదేశపు తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేటపై ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం అమలులో ఉంది.

జీవశాస్త్రంలో

సీల్, వాల్రస్ వంటి సముద్ర క్షీరదాలు నీటి నుండి తమ శరీరాన్ని తామే ఈడ్చుకొంటూ ఒడ్డుకు గాని మంచు పలకల మీదికి గాని చేరుటను ‘హాల్-అవుట్’ అంటారు. విశ్రాంతికి, పిల్లలను కనుటకు, చర్మపు రోమాలు మార్చుకొనుటకు ఇవి ఇలా పైకి వస్తాయి. అవి చేరే స్థలాలకు కూడా ఇదే పేరు. 2014 సెప్టెంబరులో అలాస్కాలోని పాయింట్ లే సమీపంలో సుమారు 35,000 వాల్రస్‌లు ఒకే తీరంలో గుమికూడాయి. అవి విశ్రమించవలసిన సముద్రపు మంచు వేసవిలో కరిగి దూరంగా తొలగిపోవుటే దీనికి కారణం.

బొగ్గు గనులలో

గని లోపల త్రవ్విన బొగ్గును బయటకు చేర్చే ఏర్పాటును ‘హాలేజి’ అంటారు. యంత్రాలు రాక ముందు ఈ పని మనుషులే చేసేవారు. బ్రిటన్‌లో 1842లో వెలువడిన బాల కార్మికుల విచారణ సంఘం నివేదికలో, నడుముకు పట్టీ కట్టుకొని, కాళ్ళ మధ్య నుండి పోయే గొలుసుతో బొగ్గు బండ్లను లాగుతూ ఇరుకైన సొరంగాలలో పాకుతున్న బాలికల, స్త్రీల చిత్రాలు ముద్రించబడ్డాయి. వాటిని చూచి ప్రజలు దిగ్భ్రాంతి చెందారు. అదే సంవత్సరం చేసిన చట్టం స్త్రీలను, బాలికలను, 10 సంవత్సరాలలోపు బాలురను భూగర్భ గని పనుల నుండి తొలగించింది.

తరువాతి కాలంలో ఈ పని ఉక్కు తాడు మీదికి మారింది. తాడు చుట్టుకొనే పెద్ద చక్రాన్ని యంత్రం త్రిప్పుతుంది. తాడుకు తగిలించిన టబ్బులు పట్టాల మీద పైకి వస్తాయి. ఏటవాలు దారిలో ఖాళీ టబ్బులు తమ బరువుతోనే దిగి, నిండిన టబ్బులు యంత్రబలంతో ఎక్కే పద్ధతిని డైరెక్ట్ హాలేజి అంటారు. మొదలు, కొస లేకుండా నిరంతరం తిరిగే తాడుకు టబ్బులను తగిలించే పద్ధతి ఎండ్‌లెస్ హాలేజి.

తెలంగాణలోని సింగరేణి గనులలో ఈ పదం కార్మికుల నిత్య వ్యవహారంలో చేరింది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ‘టబ్బు’, ‘హాలేజి’, ‘హాలర్’ అనే మాటలు ఇక్కడ తెలుగు మాటలుగానే చెలామణి అయ్యాయి.

హాలేజి దారిలో ప్రధానమైన ప్రమాదం తాడు తెగుట లేదా కొక్కెం ఊడుట. అప్పుడు బొగ్గు నిండిన టబ్బులు వాలు వెంట అదుపు లేకుండా దిగువకు దూసుకుపోతాయి. దీనిని నివారించుటకు పట్టాల మీద అడ్డుదిమ్మలు, టబ్బులను పట్టాల నుండి ప్రక్కకు మళ్ళించే మీటలు అమర్చుతారు. ఎక్కుతున్న చివరి టబ్బు వెనుక ఒక ఇనుప కడ్డీని వ్రేలాడదీస్తారు. టబ్బు వెనుకకు జారితే ఆ కడ్డీ నేలలో గుచ్చుకొని దానిని నిలుపుతుంది. మనుషులు ప్రక్కకు తప్పుకొనుటకు గోడలో గూళ్ళు త్రవ్వి ఉంచుతారు.

ఉపరితల గనులలో బొగ్గును, మట్టిని మోసే భారీ వాహనాలను ఆంగ్లంలో ‘హాల్ ట్రక్’ అంటారు. భారతదేశంలో వీటిని డంపర్లు అంటారు. బెలారస్ దేశంలో 2013లో తయారైన బెలాజ్-75710 అనే వాహనం 450 టన్నుల బరువు మోయగలదు.

రైల్వేలలో

రైలింజను పెట్టెలను లాగుటను కూడా ఈ క్రియతోనే చెపుతారు. అధిక బరువులు లాగే రైలు మార్గాలను ‘హెవీ హాల్’ మార్గాలు అంటారు. 2001 జూన్ 21న ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలో 682 పెట్టెలతో, 8 ఇంజన్లతో, 7.353 కిలోమీటర్ల పొడవుగల ఇనుప ఖనిజపు రైలు నడిచింది. అందులో సుమారు 82 వేల టన్నుల ఖనిజం ఉంది.

భారతదేశంలో 2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే ‘సూపర్ వాసుకి’ అనే పేరుతో 295 పెట్టెల బొగ్గు రైలును నడిపింది. దాని పొడవు సుమారు 3.5 కిలోమీటర్లు, బొగ్గు సుమారు 27,000 టన్నులు. అంతకు ముందు 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి గూడ్సు రైళ్ళను కలిపి ‘త్రిశూల్’, ‘గరుడ’ అనే పేర్లతో నడిపింది. త్రిశూల్ విజయవాడ సమీపంలోని కొండపల్లి నుండి, గరుడ రాయచూరు నుండి బయలుదేరాయి.

రైలు పెట్టెలను నిర్ణీత కాలానికి ఒకసారి పూర్తిగా విప్పి, తనిఖీ చేసి, బాగుచేయుటను ‘పీరియాడిక్ ఓవర్‌హాల్’ అంటారు. సికింద్రాబాదులోని లాలాగూడ కర్మాగారంలో ప్రయాణికుల పెట్టెలకు, విజయవాడ సమీపంలోని గుంటుపల్లి కర్మాగారంలో గూడ్సు పెట్టెలకు ఈ పని జరుగుతుంది. ఓడ తాడును విప్పి చూచుటకు పుట్టిన మాట ఈ విధంగా రైలు పెట్టెకు, మోటారు సైకిలు ఇంజనుకు కూడా వర్తించింది.

మట్టిపనిలో

సివిల్ ఇంజనీరింగులో ఈ పదానికి గణిత నిర్వచనం ఉంది. మట్టి ఘనపరిమాణాన్ని, అది కదలిన దూరంతో గుణించగా వచ్చిన దానిని ‘హాల్’ అంటారు. ఉదాహరణకు 100 ఘనపు మీటర్ల మట్టిని 200 మీటర్ల దూరం చేరవేస్తే 100 x 200 = 20,000 అగును. రోడ్డు లేదా రైలు కట్ట నిర్మాణంలో ఎక్కడ త్రవ్విన మట్టిని ఎక్కడ పోస్తే తోలకం ఖర్చు తక్కువగా ఉంటుందో తెలుసుకొనుటకు ‘మాస్ హాల్’ రేఖాచిత్రం గీస్తారు.

గుత్తేదారు అదనపు వెల లేకుండా మట్టి మోయవలసిన హద్దును ‘ఫ్రీ హాల్’ అంటారు. దానికి మించిన దూరానికి చెల్లించేది ‘ఓవర్‌హాల్’. ఇక్కడ ఈ పదానికి మరమ్మత్తుతో సంబంధం లేదు. భారతదేశంలో మట్టిపని కూలి లెక్కలలో అడ్డంగా మోసిన దూరాన్ని ‘లీడు’ అని, పైకెత్తిన ఎత్తును ‘లిఫ్టు’ అని అంటారు. త్రవ్విన గుంటను మాత్రమే కొలిచి లీడును, లిఫ్టును విడిచిపెడితే, తట్ట నెత్తిన పెట్టుకొని నడిచిన కూలీకి రావలసిన వేతనం తగ్గుతుంది. అందువలన బరువును, దూరాన్ని కలిపి చెప్పే ఈ నిర్వచనం పాఠ్యపుస్తకానికే పరిమితమైనది కాదు.

దూరం, కాలం అనే అర్థాలు

విమానయానంలో ఈ పదం కేవలం ప్రయాణ దూరాన్ని తెలుపుతుంది. సాధారణంగా 3 గంటలలోపు ప్రయాణం ‘షార్ట్ హాల్’, 3 నుండి 6 గంటలు ‘మీడియం హాల్’, 6 గంటలు మించినది ‘లాంగ్ హాల్’. అయితే ఒక్కొక్క విమాన సంస్థ లెక్క ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఈ లెక్కన హైదరాబాదు నుండి విశాఖపట్నం మొదటి తరగతికి, దుబాయి రెండవ తరగతికి, లండన్ మూడవ తరగతికి చెందుతాయి. 2020 నవంబరులో సింగపూరు, న్యూయార్కులోని కెన్నెడీ విమానాశ్రయం మధ్య ప్రారంభమైన విమానం సుమారు 15,300 కిలోమీటర్ల దూరాన్ని ఏకధాటిగా 18 గంటలకు పైగా ఎగురుతుంది.

దూరం నుండి కాలం అనే అర్థం కూడా వచ్చింది. దీర్ఘకాలం ఓర్పుతో సాగవలసిన పనిని ‘లాంగ్ హాల్’ అంటారు. తెలుగులో ‘సంసారం లాక్కొస్తున్నాడు’, ‘బతుకు బండి ఈడుస్తున్నాడు’ అనే మాటలలో ఇదే భావన ఉంది. కోవిడ్ వ్యాధి తగ్గిన తరువాత కూడా ఆయాసం, అలసట, మతిమరపు వంటి బాధలు విడువనివారు 2020లో తమను తాము ‘లాంగ్ హాలర్స్’ అని చెప్పుకున్నారు. వైద్యులకంటె ముందుగా రోగులే పెట్టుకున్న పేరు ఇది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ స్థితికి వైద్య నిర్వచనం ప్రకటించింది.

బ్యాక్‌హాల్

సరుకు దింపిన లారీ తిరుగు ప్రయాణంలో మోసుకొచ్చే బరువును ‘బ్యాక్‌హాల్’ అంటారు. తిరుగు కిరాయి దొరకకపోతే లారీ ఖాళీగా రావలసి ఉంటుంది. ఇంధనం ఖర్చు మాత్రం తప్పదు.

టెలిఫోను రంగంలో సెల్ టవరును ప్రధాన కేంద్రంతో కలిపే మార్గాన్ని ‘బ్యాక్‌హాల్’ అంటారు. ఇది ఆప్టికల్ ఫైబరు తీగ కావచ్చు, సూక్ష్మతరంగాల లంకె కావచ్చు. టవరు దగ్గరగా ఉండి, ఫోనులో సంకేతం పూర్తిగా కనిపిస్తున్నప్పటికీ ఇంటర్నెట్ మందకొడిగా ఉండుటకు గల కారణాలలో బ్యాక్‌హాల్ సామర్థ్యం చాలకపోవుట ఒకటి. ఇక్కడ మోయబడేది సమాచారం.

రాబడి అనే అర్థం

వలలో పడిన చేపల నుండి ఈ అర్థం ఇతర రంగాలకు వ్యాపించింది. పోలీసులు పట్టుకున్న దొంగ బంగారాన్ని, దొంగలు దోచుకున్న సొత్తును కూడా వార్తాపత్రికలు ‘హాల్’ అంటాయి. ఒక దేశం ఒలింపిక్ క్రీడలలో గెలిచిన పతకాల మొత్తం ‘మెడల్ హాల్’. 2020 టోక్యో క్రీడలు 2021లో జరిగినప్పుడు భారతదేశానికి 7 పతకాలు లభించాయి.

క్రికెట్‌లో ఒక ఇన్నింగ్స్‌లో ఒకే బౌలరు 5 లేదా అంతకు మించి వికెట్లు తీయుటను ‘ఫైవ్ వికెట్ హాల్’ అంటారు. టెస్టు మ్యాచ్‌లలో శ్రీలంక బౌలరు ముత్తయ్య మురళీధరన్ 67 సార్లు ఈ ఘనత సాధించాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో జరిగిన ఆసియా కప్ ఫైనల్‌లో హైదరాబాదుకు చెందిన మహమ్మద్ సిరాజ్ 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీయగా శ్రీలంక జట్టు 50 పరుగులకే ఆలౌట్ అయింది.

కొన్న వస్తువులను ఒక్కొక్కటిగా చూపుతూ చేసే ‘హాల్ వీడియో’లలో ఈ అర్థమే ఉంది. చీరలు, వంటపాత్రలు, సౌందర్య సాధనాలు చూపే ఇటువంటి వీడియోలు తెలుగులో కూడా అధికంగా వస్తున్నాయి. ఇందులో వస్తువులు ఇంటికే చేరవేయబడతాయి కాబట్టి లాగే శ్రమ కొన్నవారికి కనిపించదు. శ్రమ పూర్తిగా మరుగున పడి రాబడి మాత్రమే మిగిలిన అర్థం ఇది.

వ్యాపార నామాలలో

అమెరికాలో ఇల్లు మారేవారు స్వయంగా సామాను తరలించుకొనుటకు వాహనాలను అద్దెకిచ్చే ‘యు-హాల్’ సంస్థ 1945లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్థాపించబడింది. ‘మీరే లాగుకొనండి’ అనే భావం దాని పేరులో ఉంది. అమెరికాలోని తెలుగువారికి కూడా ఈ పేరు సుపరిచితం.

జాతీయాలు

ఒకరిని ‘బొగ్గుల మీదుగా హాల్ చేయుట’ అంటే కఠినంగా చీవాట్లు పెట్టుట. మత ధిక్కారులను నిప్పుల మీదుగా ఈడ్చే పూర్వకాలపు శిక్ష నుండి ఇది వచ్చినదని చెపుతారు. ఒకరిని న్యాయస్థానానికి బలవంతంగా రప్పించుటను కూడా ఈ క్రియతో చెపుతారు. తెలుగులోని ‘కోర్టుకు ఈడ్చు’ అనే జాతీయం దీనికి సరిగ్గా సరిపోతుంది.

పొరపడదగిన పదాలు

ఆరోగ్యవంతుడు అనే అర్థంలో వాడే ‘హేల్’ అనే ఆంగ్ల పదం, ఈ పదం యొక్క పాత రూపమైన ‘హేల్’ ఒకటి కావు. మొదటిది సంపూర్ణం అనే అర్థం గల వేరొక మూలం నుండి వచ్చింది. అలాగే నాగలి అనే అర్థం గల సంస్కృత పదం ‘హలం’, దాని నుండి ఏర్పడిన ‘హాలికుడు’ అనే పదాలతో దీనికి ఉన్నది ధ్వనిసామ్యం మాత్రమే. ఎద్దులు నాగలిని లాగుతాయి కాబట్టి అర్థంలో కూడా పోలిక ఉన్నట్లు తోచుట సహజం. పోలికను బట్టి మాత్రమే పదాల పుట్టుకను నిర్ణయించరాదు.

అనువాదంలో

ఈ పదానికి తెలుగులో అన్ని చోట్లా సరిపడే ఒకే మాట లేదు. వ్యక్తి లేదా జంతువు శ్రమ ప్రధానమైన చోట లాగు, ఈడ్చు అని. సరుకు చేరవేత ప్రధానమైన చోట తోలు, తోలకం, రవాణా అని. ఫలితం ప్రధానమైన చోట రాబడి, పంట, చిక్కిన సొత్తు అని. ప్రయాణం ప్రధానమైన చోట దూరం, సుదీర్ఘ ప్రయాణం అని వ్రాయవచ్చు. వాక్యంలో లాగేవారు ఎవరు, లాగబడేది ఏది, ఎంత దూరం అనే మూడు ప్రశ్నలు వేసుకొంటే తగిన మాట దొరుకుతుంది. ముఖ్యంగా మొదటి ప్రశ్నను విడువరాదు. యంత్రాలు వచ్చిన తరువాత ఈ పదం నుండి లాగే మనిషి క్రమంగా తప్పుకున్నాడు. అయినా కాలువ గట్టున తాడు భుజాన వేసుకున్న పడవవాడు, గనిలో గొలుసు లాగిన బాలిక, ఒడ్డున అలివి వల లాగే జాలరి ఈ పదం యొక్క తొలి అర్థానికి సాక్షులు.

ఇవి కూడా చూడండి

అలివి వల
ఇల్లెందు
సింగరేణి బొగ్గు గనులు
ధవళేశ్వరం ఆనకట్ట
ఇల్యా రేపిన్